పది నిమిషాల్లో రెండు

పదవీ విరమణ చేసిన భర్త, ఎవరూ అడగకుండా, ఉదయం తొమ్మిదింటికే బూట్లు తొడుక్కున్నాడంటే, ఆ ఇంట్లో అప్పటిదాకా బాగున్న వస్తువు ఏదో ఒకటి సాయంత్రానికి బాగుండదని అర్థం. ఆ బుధవారం నాడు మెమోగారు బూట్లు తొడుక్కోవడమే కాక, లేసులను రెండేసి ముళ్లు వేసి మరీ బిగించారు.

మెమోగారన్నది తల్లిదండ్రులు పెట్టిన పేరు కాదు. ముప్ఫై రెండేళ్లపాటు ఒక పెద్ద కార్యాలయంలో హాజరు పట్టీలు చూసే అధికారిగా ఉండి, నాలుగు నిమిషాలు ఆలస్యంగా వచ్చినవారికీ, మధ్యాహ్నం కునికినవారికీ, కునకబోతున్నట్టు కనిపించినవారికీ మెమోలు ఇచ్చి సంపాదించుకున్న బిరుదు. ఉద్యోగం ఆయన్ని వదిలింది గాని బిరుదు వదల్లేదు.

భార్య గ్రంథాలయంలో పనిచేసి విరమించిన మనిషి. అచ్చులో ఉన్నది ఏదైనా సరే, మొదటి అక్షరం నుంచి చివరి చుక్క దాకా చదవనిదే కింద పెట్టదు. మందు సీసాతో పాటు పెట్టెలో మడిచి పెట్టే కాగితాన్ని ఈ లోకంలో పూర్తిగా చదివిన ఏకైక వ్యక్తి బహుశా ఆవిడే.

"ఎక్కడికండీ?" అంది ఆవిడ, పుస్తకం మీద నుంచి కళ్లు ఎత్తకుండా.

"బజారుకి."

"ఏం తేవాలి?"

"ఒక పరికరం."

ఆవిడ పేజీకి గుర్తు పెట్టి పుస్తకం మూసేసింది. ముప్ఫై ఆరేళ్ల కాపురంలో ఆయన నోట "పరికరం" అన్న మాట మూడుసార్లు వచ్చింది. మూడుసార్లూ గోడలకు మళ్లీ రంగు వేయించవలసి వచ్చింది.

"ఉండండి, నేనూ వస్తున్నాను."

ఆ వారం ఆ ఇంట్లో ముఖ్యమైన విషయం ఒక్కటే. భార్య తల్లికి తుంటి ఎముక ఆపరేషన్ అయింది. ఆదివారం ఉదయం పదింటికి ఆవిడను ఆసుపత్రి నుంచి ఈ ఇంటికే తీసుకొస్తారు. వీధికీ గుమ్మానికీ మధ్య ఏడు మెట్లు. పట్టుకోవడానికి ఒకవైపు గాలి, రెండోవైపు కూడా గాలే. ఆసుపత్రి తరఫున ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చి ఆ మెట్లను చూసి, చూపుడువేలు ఊపుతూ చెప్పింది: "రెయిలింగ్ లేకుండా పెద్దావిడను ఒక్క మెట్టు కూడా ఎక్కించకండి. బరువంతా పట్టుకున్న చేతి మీదే పడుతుంది. రెయిలింగ్ ఊగిందంటే మళ్లీ ఆపరేషనే."

అందుకని మంగళవారమే గేట్ల మేస్త్రి వచ్చాడు. కొలతలు తీసి, పైపులు కోసి, మెట్ల మీద నాలుగు ఇనుప పలకలను బోల్టులతో కదలకుండా బిగించి వెళ్లాడు. మిగిలింది వెల్డింగు ఒక్కటే. నిలువు పైపులు నాలుగు, అడ్డ పైపులు రెండు, మొత్తం పన్నెండు అతుకులు. గురువారం మెషినుతో వచ్చి పూర్తి చేస్తానన్నాడు.

బుధవారం పొద్దున్న ఎనిమిదిన్నరకు మెమోగారు అతనికి ఫోన్ చేసి, రావద్దని చెప్పేశారు.

ఎందుకని అడిగితే ఆయన దగ్గర రెండు కారణాలున్నాయి. మొదటిది మేస్త్రి. ఏళ్ల కిందట ఈ ఇంటికి గేటు బిగిస్తున్నప్పుడు, పక్కన నిలబడి సలహాలు ఇవ్వబోయిన మెమోగారిని అతను, "సార్, రవ్వలు పడతాయి, లోపలికెళ్లి కూర్చోండి" అన్నాడు. మూడు వందల మందికి మెమోలిచ్చిన మనిషిని లోపలికెళ్లి కూర్చోమన్నాడు! రెండోది అత్తగారు. పెళ్లయిన నాటి నుంచీ ఆవిడ ఆయన గురించి చుట్టాలందరికీ ఒకే వాక్యం చెబుతోంది: "మా అల్లుడుగారు చేత్తో చేసే పని ఒకటే, సంతకం." అలాంటి అత్తగారు, ఆయన స్వహస్తాలతో అతికించిన రెయిలింగ్ పట్టుకుని ఆయన గుమ్మం ఎక్కాలి. అంతకుమించి మెమోగారు ఈ జన్మకు కోరుకున్నది లేదు.

తుంటి ఆవిడది, పంతం ఈయనది. మగవాళ్ల లెక్కల్లో ఈ రెండూ సమానంగా తూగుతాయి.

సామాన్ల దుకాణంలో వెల్డింగ్ మెషిన్లు రెండు మిగిలి ఉన్నాయి. ఒకటి చిన్నది, బూడిదరంగు పెట్టె, దాని మీద నూట అరవై ఆంపియర్లు అని రాసి ఉంది. రెండోది ఎర్రగా మెరిసిపోతోంది. అట్టపెట్టె మీద కండలు తిరిగిన మనిషి, వాడి వెనక మెరుపు, మెరుపు మీద రెండు వందల యాభై.

మెమోగారి చెయ్యి నేరుగా మెరుపు మీదికి వెళ్లింది.

"మనకెందుకండీ ఇది?" అంది భార్య. "మేస్త్రి తన మెషిన్ తెచ్చుకుంటాడుగా."

"మేస్త్రి రావట్లేదు."

"ఏమైంది అతనికి?"

"ఏమీ కాలేదు. నేనే రావద్దన్నాను."

దుకాణం అతను గౌరవంగా అటు తిరిగి, ఇదివరకే సర్ది ఉన్న మేకుల డబ్బాలను మళ్లీ సర్దడం మొదలుపెట్టాడు.

"మా అమ్మ ఎక్కాల్సిన మెట్లండీ అవి," అంది ఆవిడ చాలా నెమ్మదిగా.

"అందుకే పెద్ద మెషిన్ కొంటున్నాను."

మేకుల దగ్గర నుంచి దుకాణం అతను మొహమాటంగా చెప్పాడు: "ఇంటి పనికైతే ఆ చిన్నది చాలు సార్. ఫుల్‌గా పెట్టినా అరవై శాతం పనిచేస్తుంది."

"అరవై శాతమా? అరవై శాతం హాజరున్నవాణ్ని నేను నా సెక్షన్‌లో ఒక్క నెల కూడా ఉండనివ్వలేదయ్యా."

ఆవిడ అప్పటికే కళ్లజోడు పెట్టుకుని, ఎర్ర మెషిన్ వీపు మీది రేకును చదువుతోంది. "ఏమండీ, రెండు వందల యాభై పక్కన ఇంకో అంకె ఉంది. ఇరవై."

"పక్కన ఉండే అంకెలెప్పుడూ అనవసరమైనవే," అన్నారు మెమోగారు. జీవితమంతా పట్టీల్లో గడిపినవారు కాబట్టి ఆ సంగతి ఆయనకు బాగా తెలుసు. మెషిన్ ఇంటికి వచ్చింది.

ఇంటికొచ్చాక ఆయన చేసిన మొదటి పని, మెషిన్ మీద ఆంపియర్లు పెంచే బిరడాను కుడివైపు చివరిదాకా తిప్పడం. రెండు వందల యాభైకి కొన్నాం కాబట్టి రెండు వందల యాభై మీదే వాడాలి. అంతకంటే తక్కువ మీద పెడితే దుకాణం వాడు మనని మోసం చేసినట్టు! ఇదీ ఆయన వాదం. రెండో పని, దాని ప్లగ్గును వసారాలోని మామూలు సాకెట్లో పెట్టి వెల్డింగ్ రాడ్డును పైపుకు ఆనించడం.

ఇల్లంతా ఒక్కసారి కరెంటు పోయింది.

లోపల బట్టల మెషిన్ నిండుగా నీళ్లతో, నురగతో, ఆరు దుప్పట్లతో, తలుపు తెరుచుకోకుండా ఆగిపోయింది. మెమోగారు కిందపడిన మెయిన్ మీట ఎత్తారు, రాడ్డు ఆనించారు, మళ్లీ పోయింది. ఎత్తారు, ఆనించారు. నాలుగోసారికి భార్య వసారాలోకి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడింది.

"దుప్పట్లు ఉతకాలనుకున్నాను. ఊరగాయ పెట్టాలనుకోలేదు."

చివరికి పడకగదిలోని ఏసీ సాకెట్ నుంచి కిటికీ గుండా లావుపాటి వైరు లాగారు. మూడు రోజులు ఏసీ లేదు. ఆ మూడు రోజులూ ఇంట్లో చల్లగా ఉన్నది ఆవిడ గొంతు ఒక్కటే.

గురువారం ఉదయం అసలు పని మొదలైంది. వెల్డింగ్ మాస్క్ పెట్టుకుంటే మెమోగారికి ఏమీ కనబడలేదు. తీసేస్తే కళ్లు పోతాయని దాని మీదే బొమ్మ వేసి ఉంది. కాబట్టి ఆయన గుడ్డిగా రాడ్డు పొడిచారు. అది పైపుకు అతుక్కుంది. లాగారు, రాలేదు. ఊపారు, పైపుతో సహా వచ్చింది. కాలు అడ్డం పెట్టి గట్టిగా లాగితే రాడ్డు పట్టు వదిలింది, మెమోగారు పూలకుండీలో కూర్చున్నారు.

"ఒకటి అతికింది," అన్నారు లేవకుండానే.

"అతకాల్సింది పైపుకు పైపు కదండీ?" అంది గుమ్మంలో నుంచి భార్య.

పదకొండో ప్రయత్నంలో నిజంగానే మంట వెలిగింది. రెండు వందల యాభై ఆంపియర్ల మంట! రాడ్డు చేతిలో ఉండగానే ఎర్రగా కాలింది, రవ్వలు వీధి దాకా ఎగిరాయి, పొగ లేచింది. రెండు నిమిషాలు గడిచేసరికి పైపు మీద అతుకు లేదు గాని, చూపుడువేలు పట్టేంత బొక్క ఉంది. ఆయన ఉత్సాహంగా రెండో చోటికి కదులుతుండగా, మెషిన్ మీద పసుపు దీపం ఒకటి వెలిగి మంట ఆగిపోయింది. లోపల ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

"ఏమైంది దీనికి?"

"అలిసిపోయింది," అంది భార్య. ఆవిడ చేతిలో వాడుక పుస్తకం ఉంది. అప్పటికి ముప్ఫై ఎనిమిదో పేజీ చదువుతోంది. "దీన్ని డ్యూటీ సైకిల్ అంటారట."

డ్యూటీ అన్న మాట వినగానే మెమోగారి వెన్ను నిటారుగా అయింది. ఇది ఆయనకు చేతనైన విషయం. "ఏమిటి దాని డ్యూటీ?"

"పది నిమిషాల్లో రెండు నిమిషాలు పనిచేస్తుంది, ఎనిమిది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటుంది. అది కూడా ఫుల్‌గా పెడితే. తగ్గిస్తే..."

ఆ "తగ్గిస్తే" ఆయన చెవిదాకా రాలేదు. ఎనిమిది నిమిషాల దగ్గరే ఆయన ఆగిపోయారు. ముఖం మెషిన్ రంగులోకి తిరిగింది.

"ఎనిమిది నిమిషాలు విశ్రాంతా! ముప్ఫై రెండేళ్ల సర్వీసులో ఇలాంటి సోమరిని చూడలేదే నేను!"

"మీ గదిలో అద్దం ఉండేది కాదా?"

ఆయన ఆ మాట వినిపించుకోలేదు. శిక్షగా మెషిన్ ప్లగ్గు పీకేశారు. "సస్పెండ్ చేశాను. పడి ఉండనీ."

"పీకేస్తే లోపలి ఫ్యాను కూడా ఆగిపోతుందండీ. ఇంక అది చల్లారడానికి అరగంట పడుతుంది. నలభై ఒకటో పేజీ."

అరగంట పట్టింది. ఆ అరగంటలో మెమోగారు ఒక తువ్వాలును తడిపి, పిండి, జ్వరం వచ్చినవాడి నుదుటి మీద వేసినట్టు మెషిన్ మీద కప్పారు. గాలి రంధ్రాలన్నీ మూసుకుపోయాయి. మళ్లీ ప్లగ్గు పెడితే ఈసారి రెండు నిమిషాలు కూడా కాకుండానే, నలభై సెకన్లకే దీపం వెలిగింది.

"దానికి జ్వరం కాదండీ, ఆయాసం," అంటూ ఆవిడ తువ్వాలు లాగేసి, ఆ తువ్వాలుతోనే ఆయన మొహం మీది మసి తుడిచింది. "ఇవాళ గురువారం. ఆదివారం పదింటికి అమ్మ వస్తుంది. నిలువు పైపులో బొక్క ఉంది. మేస్త్రికి నేను ఫోన్ చేస్తున్నాను."

"చెయ్యి. వస్తాడేమో చూద్దాం," అన్నారు మెమోగారు, వస్తాడేమోనని భయపడుతూ.

మేస్త్రి రాలేడు. వీళ్లు వద్దన్నారు కాబట్టి ఊరి అవతల నీళ్ల ట్యాంకుకు స్టాండు చేసే పని ఒప్పుకున్నాడు, సోమవారం దాకా అక్కడే. ఆదివారం పొద్దున్న ఎనిమిదింటికి మాత్రం ఒక అరగంట ఇటు వచ్చి వెళ్లగలనన్నాడు. "చూడ్డానికి సరిపోతుంది మేడమ్, చేయడానికి సరిపోదు."

ఫోను పెట్టేశాక ఆవిడ చాలాసేపు మెట్ల వంక చూసింది. తర్వాత లోపలికి వెళ్లి, సంచి తగిలించుకుని వచ్చింది.

"నేను చదువుకోవడానికి వెళ్తున్నాను."

"ఇప్పుడా? తల్లి వస్తోంటే చదువేమిటోయ్ నీకు?"

"తల్లి వస్తోందనే. మధ్యాహ్నానికి వచ్చేస్తాను."

శుక్రవారం పొద్దున్న కూడా అలాగే వెళ్లింది. ఈ మనిషికి పుస్తకాల పిచ్చి ముదిరిపోయిందని మెమోగారు జాలిపడ్డారు.

ఆయన మటుకు మెషిన్‌ను దారిలో పెట్టడానికి ఒక హాజరు పట్టీ తయారు చేశారు. ఎన్నింటికి మొదలు, ఎన్నింటికి దీపం, ఎన్నింటికి పునఃప్రారంభం. అన్నీ గళ్లు గీసి రాశారు. మూడోసారి దీపం వెలిగినప్పుడు ఒక మెమో కూడా రాసి దానికి అంటించారు: "విధి నిర్వహణలో పదే పదే విరామం తీసుకుంటున్నందుకు మీపై ఎందుకు చర్య తీసుకోరాదో తెలుపవలసినది." మెషిన్ సంజాయిషీ ఇవ్వలేదు. పసుపు దీపం మాత్రం వెలిగించింది.

ఇంతకీ మెషిన్ ఎనిమిది నిమిషాలు విశ్రాంతి తీసుకుంటున్నప్పుడు మెమోగారు ఏం చేయాలి? వసారాలో పడక్కుర్చీ ఉంది. ఎనిమిది నిమిషాలకు కూర్చోవడం ధర్మమే. శుక్రవారం మధ్యాహ్నం రెండింటికి ఎనిమిది నిమిషాల కోసం కూర్చున్నవారు మూడున్నరకు లేచారు. మెషిన్ ఎప్పుడో చల్లారి ఆయన కోసం ఎదురుచూస్తోంది.

లేచి చూస్తే ఒక వింత. రెండో పైపు అడుగున తాను వదిలేసిన అతుకు, లావుగా, వంకరగా, నల్లటి పెంకు కట్టి ఉన్నది కాస్తా, ఇప్పుడు సన్నగా, సమంగా, ఒకదాని మీద ఒకటి పేర్చిన చిన్న చిన్న అలల్లా ఉంది. పక్కనే మొదటి పైపు, బొక్క ఉన్నది, ఆ బొక్క కూడా లేదు.

మెమోగారు కళ్లు నులుముకుని ముందుకు వంగి చూశారు. వెనక్కి వెళ్లి చూశారు. ఆపైన ఒక గొప్ప సత్యం ఆయనకు తట్టింది.

"ఏమోయ్! ఇలా రా! చూశావా ఇది? వేసినప్పుడు ఇలా లేదు. చల్లారిన కొద్దీ అదే అందంగా తయారవుతోంది! ఇనుము గుణం ఇది. ఏ పుస్తకంలోనూ రాయలేదు చూడు!"

ఆవిడ వచ్చి చూసింది. "నిజమేనండీ. మీరు పక్కన లేకపోతే అదే చక్కబడుతోంది."

"అదే నేనూ అంటున్నాను!"

శనివారం ఈ సిద్ధాంతాన్ని ఆయన తు.చ. తప్పకుండా పాటించారు. ఒక చోట రెండు నిమిషాలు కాల్చడం, పసుపు దీపం రాగానే పడక్కుర్చీ, లేచేసరికి అక్కడ, దాని పక్కన, ఒక్కోసారి తాను ఇంకా ముట్టుకోని చోట కూడా చక్కటి అతుకు. ముట్టుకోని చోట ఎలా వచ్చిందన్న ప్రశ్న ఒకసారి ఆయన మనసు గడప దాకా వచ్చింది. వేడి పైపులోంచి పాకి ఉంటుందని చెప్పి ఆయన దాన్ని వెనక్కి పంపేశారు.

ఇంకొకటి. కొక్కేనికి తగిలించి ఉన్న ఆయన పాత ఆఫీసు చొక్కా, పొడుగు చేతులది, దాని నిండా ఆవగింజంత రంధ్రాలు పడి ఉన్నాయి. "బట్టల్లో పురుగులు పడ్డాయి, మందు పెట్టించు," అన్నారు భార్యతో. పెట్టిస్తానంది. ఆవిడ కుడి మణికట్టు మీద కట్టు ఉంది. అదేమిటని అడిగితే, "చదువు," అంది. అడిగిన పాపానికి ఒక మాటే వచ్చింది కాబట్టి ఆయన ఇంకేమీ అడగలేదు.

శనివారం సాయంత్రం అయిదింటికి లెక్క చూస్తే పదకొండు అతుకులు అయిపోయాయి. చివరిది ఒక్కటి, మొదటి మెట్టు దగ్గర పై పైపుది, మిగిలింది.

"అది కూడా మీరే కానిచ్చేయండి," అంది ఆవిడ, ఆయన చేతికి మాస్క్ అందిస్తూ. "నిదానంగా. కంగారు లేదు."

మెమోగారు మంట వెలిగించారు. ఈసారి రాడ్డు కాల్చేయలేదు, నెమ్మదిగా కరిగింది. రెండు నిమిషాలయింది, దీపం రాలేదు. మూడయింది, రాలేదు. నాలుగు నిమిషాలు ఏకబిగిన పనిచేసి ఆయన మాస్క్ ఎత్తేసరికి, అక్కడ గుప్పెడంత లావు ముద్ద ఒకటి ఎర్రగా మెరుస్తోంది. అందమని చెప్పలేం. కానీ బొక్క లేదు.

"చూశావా?" అన్నారు ఆయన ఊపిరి పీల్చుకుంటూ. "మెమో పనిచేసింది. నాలుగు నిమిషాలు! చచ్చినట్టు దారికొచ్చింది!"

"మెమోలకు అంత బలం ఉంటుందని నేనెప్పుడూ అనుకోలేదు," అంది భార్య.

ఆదివారం ఉదయం ఎనిమిదింటికి మేస్త్రి చెప్పిన వేళకు వచ్చాడు. చేతిలో సుత్తి. మెమోగారు ఇస్త్రీ చొక్కాతో మెట్ల పక్కన నిలబడ్డారు, ఈసారి లోపలికెళ్లి కూర్చోమంటే ఏం జవాబివ్వాలో ముందే అనుకుని.

మేస్త్రి వంగి, మొదటి అతుకును సుత్తితో కొట్టాడు. టంగుమంది. రెండోది, మూడోది. అడుగు నుంచి పైదాకా ఒక్కొక్కటే కొట్టుకుంటూ, వేలితో తడుముకుంటూ వెళ్లాడు. తర్వాత పై పైపును రెండు చేతులతో పట్టుకుని, కాళ్లు గాల్లోకి ఎత్తి వేలాడాడు. పైపు వెంట్రుకవాసి కూడా కదల్లేదు.



"ఎంత మీద పెట్టి వేశారు సార్?" అన్నాడు మేస్త్రి కిందికి దిగి.

"రెండు వందల యాభై. నేను దేన్నయినా పూర్తిగా వాడతాను."

మేస్త్రి ఆయన్ని చూశాడు, అతుకుల్ని చూశాడు, వసారాలోకి నడిచి వెళ్లి మెషిన్ దగ్గర కూర్చున్నాడు. "రెండు వందల యాభై మీద ఈ పైపు మిగలదు సార్, పేలపిండి అయిపోతుంది. బిరడా డెబ్బై అయిదు మీద ఉంది ఇక్కడ. ఈ పైపుకి అది చాలు. డెబ్బై అయిదు మీద పెడితే దీపం కూడా రాదు, పొద్దుగూకులూ ఆగకుండా చేసుకోవచ్చు."

"నేను బిరడా ముట్టుకోలేదే!"

"మీరు ముట్టుకోలేదు," అన్నాడు మేస్త్రి. ఆపైన గుమ్మం వైపు తిరిగి, మెమోగారితో ఏనాడూ వాడని గొంతుతో అన్నాడు: "మూడో పైపు పైన కొంచెం తొందరపడ్డారు మేడమ్. మిగతా పదీ నేను వేసినట్టే ఉన్నాయి. రెండు పూటల్లో ఇంత చెయ్యి తిరిగినవాళ్లని నేను చూడలేదు."

మూడో పైపు పైన అతను మరోసారి రాడ్డు తిప్పాడు. అయిదు నిమిషాలు పట్టింది. ఆ అయిదు నిమిషాలూ మెమోగారు పడక్కుర్చీని, కొక్కేనికి ఉన్న చొక్కాను, భార్య మణికట్టును, ఇదే వరసలో చూశారు.

"చదువుకోవడానికి వెళ్లానన్నావు," అన్నారు చివరికి.

"చదువుకునే వచ్చాను. ట్యాంకు కింద కూర్చోబెట్టి మేస్త్రే నేర్పాడు."

"నేను నిద్రపోతుంటే..."

"మీరు లేస్తే పని సాగేది కాదు. మెషిన్‌కి ఎనిమిది నిమిషాలు విశ్రాంతి కావాలని పుస్తకంలో ఉంది. మీకు గంటన్నర కావాలని ఏ పుస్తకంలోనూ లేదు. అయినా నాకు తెలుసు."

"మరి ప్రతిసారీ మళ్లీ రెండు వందల యాభై మీదే ఉండేది!"

"నేనే తిప్పి పెట్టేదాన్ని. తగ్గించానని తెలిస్తే మీరు ఊరుకుంటారా? నిన్న సాయంత్రం మాత్రం తిప్పలేదు. ఆ ఆఖరిది మీకోసం ఉంచాను."

మేస్త్రి ఆ ఆఖరిదాన్ని, ఆ ముద్దను, ఏడుసార్లు కొట్టాడు. బలంగానే కొట్టాడు, కాస్త ఆశగా కూడా. ఊడలేదు.

"అందం లేదు సార్," అన్నాడు సుత్తి సంచిలో పెట్టుకుంటూ. "కానీ ఇది మనం పోయాక కూడా ఉంటుంది."

ఆసుపత్రి వ్యాను సరిగ్గా పదింటికి వచ్చింది. అత్తగారు చేతికర్ర ఊతంతో మొదటి మెట్టు దాకా నడిచి ఆగారు. ఒకవైపు కూతురు. వెనక, రెండు చేతులూ చాచి, పడితే పట్టుకోవడానికి సిద్ధంగా అల్లుడు. ఆవిడ రెయిలింగ్‌ను కింది నుంచి పైదాకా చూశారు. చెయ్యి వేయలేదు.

"ఎవరు చేశారే ఇది?"

"ముందు ఎక్కమ్మా. పైకెళ్లాక చెబుతాను."

"చెబితేనే ఎక్కుతాను. నా తుంటిలో ఇనుము పెట్టినవాడెవరో నాకు తెలుసు, సర్టిఫికెట్లు చూసే పెట్టించుకున్నాను. ఈ ఇనుము పెట్టినదెవరో కూడా తెలియాలి." ఆవిడ వెనక్కి తల తిప్పకుండానే గొంతు పెంచారు. "ఒకవేళ మా అల్లుడుగారైతే, ఆ వ్యానును పోనివ్వకండి. ఆసుపత్రిలో నా మంచం ఇంకా వెచ్చగానే ఉంటుంది."

భార్య ఆయన వంక చూసింది, అంతే. ఆవిడ కావాలంటే చెప్పగలదు, చెప్పలేదు. ముప్ఫై ఆరేళ్లుగా ఆయన ఎదురుచూస్తున్న క్షణం ఇది. నోరు తెరిచి "నేనే" అంటే చాలు. అన్నారంటే పెద్దావిడ ఆ పైపు ముట్టుకోదు. ఎండలో, ఆ కాలి మీద, అలాగే నిలబడి ఉంటుంది. ఆవిడ మోకాలు సన్నగా వణకడం మెమోగారికి వెనక నుంచి కనిపిస్తూనే ఉంది.

"మీ అమ్మాయి చేసిందండీ," అన్నారు.

"నిజం?"

"మేస్త్రి కూడా చూశాడండీ. నేను... నేను నిద్రపోయాను."

"అది మాత్రం నమ్ముతాను," అని అత్తగారు చెయ్యి వేశారు.

ఒక మెట్టు. ఆగి, ఊపిరి. రెండో మెట్టు. నాలుగో మెట్టు దగ్గర కాలు తడబడి ఒళ్లంతా ఒక్కసారిగా రెయిలింగ్ మీదికి ఒరిగింది. మెమోగారి చేతులు ముందుకు వెళ్లాయి. రెయిలింగ్ మాత్రం ఊగలేదు, చిన్న చప్పుడు కూడా చేయలేదు. ఆవిడ నిలదొక్కుకుని, "బాగుంది," అన్నారు, ఎవరితోనో తెలియదు. అయిదు. ఆరు. ఏడు.

గుమ్మంలో కుర్చీలో కూర్చుని కొంగుతో నుదురు తుడుచుకున్నాక ఆవిడ కిందికి చూశారు.

"అల్లుడుగారూ, ఆ మొదట్లో ఉన్న గడ్డ మీరు వేసిందే కదూ?"

ఎలా తెలిసిందని అడగడం అనవసరం. "అవునండీ," అన్నారు ఆయన తల దించుకుని.

"అన్నిటికంటే లావుగా ఉంది కదా, గట్టిదేమోనని నేను మొదట చెయ్యి వేసింది దాని మీదే." ఆవిడ కాస్త ఆలోచించారు. ముప్ఫై ఆరేళ్ల మాటను మార్చడం తేలికైన పని కాదు. "గట్టిగానే ఉందిలెండి. నా చేతికర్ర కిందే ఉండిపోయింది, పట్టుకురండి."

"తెస్తానండీ!" మెమోగారు కిందికి దిగి, మొదటి మెట్టుకు ఆనించి ఉన్న చేతికర్ర అందుకుని మెట్లెక్కబోయారు. అప్పుడు తెలిసింది, అత్తగారి కాళ్ల వణుకు ఎప్పుడో తగ్గిందని, వణుకుతున్నవి తన కాళ్లేనని. కర్రను చంకలో పెట్టుకుని, రెయిలింగ్‌ను రెండు చేతులతోనూ గట్టిగా పట్టుకుని, ఒక్కొక్క మెట్టే ఎక్కారు.